లేసు దారాలకి పనస చెక్క పెట్టె: మొదటిసారి చేసేవాళ్లకి

మా అమ్మ లేసు అల్లుతుంది. నరసాపురంలో పుట్టింట్లో ఉండగా నేర్చుకుంది, డెబ్భై దాటినా మానలేదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపరు చదివి వినిపిస్తే, "మంచిదే" అని మళ్లీ సూది అందుకుంది. దారపు ఉండలు, లేసు సూదులు, సగం అల్లిన ముక్కలు అన్నీ ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో దాచుకునేది.

మాది సఖినేటిపల్లి దగ్గర, గోదావరి గట్టుని ఆనుకున్న ఊరు. వానాకాలం వస్తే మా ఇళ్లల్లో ఉప్పు నీరుకారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, తలుపులు గుమ్మాలకి పట్టేస్తాయి. ఆ తేమకే డబ్బా మూత అంచు లోపల తుప్పు పట్టింది. నెల రోజులు అల్లిన తెల్లటి బల్లగుడ్డ మీద వేలెడు పొడవున ఎర్ర మరక. నిమ్మకాయ, ఉప్పు, ఎండ, ఏం చేసినా పూర్తిగా వదల్లేదు. తీసుకుంటామన్నవాళ్లు వెనక్కిచ్చేశారు. అమ్మ ఏమీ అనలేదు. దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది.

రేకు గానీ ఇనుప మేకు గానీ తగలని పెట్టె ఒకటి నా చేత్తోనే చెయ్యాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. నేను టైలర్ని. ఇరవై ఏళ్ల పైగా జాకెట్లు కుడుతున్నాను గానీ రంపం పట్టుకున్నది లేదు. మా వీధి చివర ఇంట్లో గుమ్మాలు, కిటికీలు చేసే వడ్రంగి మేస్త్రి ఉన్నారు. నేను బాబాయ్ గారూ అంటాను. నేర్పించమని అడిగితే, "ఆయ్, దానికేముందమ్మాయ్, కొలత నీకు తెలుసు, కోత నేను చెప్తాను" అన్నారు. ఇప్పటికి నాలుగు పెట్టెలు చేశాను. మొదటిది పాడైంది. ఆ పాడవడం గురించి కూడా చెప్తాను, ఎందుకంటే మన డెల్టాలో పెట్టె చేసేవాళ్లెవరైనా ముందు తెలుసుకోవాల్సింది అదే.

కర్ర

కొత్తవాళ్లు అడితికి వెళ్లి పచ్చి కర్ర కొనకండి. కోసిన పలక ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని బాబాయ్ గారి లెక్క. ఆరీ ఆరని చెక్కతో చేస్తే పెట్టె మన కళ్లముందే మెలి తిరుగుతుంది. దానికన్నా పాత కర్ర మేలు. మా వైపు పాత మండువా ఇళ్లు విప్పి డాబాలు కడుతున్నారు కదా, ఆ తలుపులు, అల్మరా అరలు, అటక పలకలు చవగ్గానే దొరుకుతాయి. ముప్పై నలభై ఏళ్లు ఇదే గాలిలో ఉన్న చెక్క అది. మెలి తిరగాల్సిందంతా ఎప్పుడో తిరిగేసి ఉంటుంది.

నాకు దొరికింది పనస. పనస చేవ, అంటే మాను నడుమ ఉండే గట్టి చెక్క, మొదట పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. చెద అంత తేలిగ్గా పట్టదు, ఉలికి లొంగుతుంది, పదునైన చిత్రిక పడితే నున్నగా వస్తుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పనస చేవలో పసుపు రంగు ఉంటుంది, దాన్ని ఉడికించి బట్టలకి అద్దకం కూడా వేసేవారు. కాబట్టి తెల్ల దారాన్ని నేరుగా చెక్కకి ఆనించకూడదు. లోపల కోరా గుడ్డ పరిస్తే సరిపోతుంది.

టేకు దొరికితే ఇంకా మంచిది, కాకపోతే అందులో సహజంగానే జిడ్డు ఉంటుంది. జిగురు పెట్టే చోట స్పిరిట్‌తో తుడిచాకే అతకాలి. మామిడి చవక, మెత్తన, చెయ్యి తిరగడానికి బాగుంటుంది, కానీ పుచ్చు తొందరగా పడుతుంది. కొబ్బరి కర్ర మన తోటల్లో కావలసినంత ఉంది కదా అని దాని జోలికి వెళ్లకండి. పైన ఇనుములా గట్టి, లోపల బెండు, రంపం పళ్లు ఒక్కపూటలో మొద్దుబారతాయి.

చెక్క ఏదైనా చేవ ఉన్న భాగమే తీసుకోండి. అంచున పాలిపోయినట్టు కనిపించే తెల్లభాగంలో పిండి పదార్థం ఉంటుంది, పురుగుకి కావలసింది అదే. పలకని గట్టుకేసి తడితే సన్నటి పొడి రాలిందంటే వద్దు. తర్వాత పలక అంచుని కంటికి దగ్గరగా పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూస్తాం చూడండి, అలా మూసి చూడాలి. వంపు ఉంటే అక్కడే తెలుస్తుంది. పాత కర్రలో విరిగిన మేకులు దాక్కుంటాయి. నేను షాపులో గుండుసూదులు ఏరే అయస్కాంతంతో పలకంతా రెండు వైపులా వెతికాను, మూడు దొరికాయి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తగిలినా రంపం పని అయిపోయేది.

చెక్కకీ పడుగు ఉంది

గుడ్డకి పడుగు, పేక ఉన్నట్టే చెక్కకీ ఒక వాటం ఉంటుంది. పలక మీద పొడుగ్గా సాగే గీతలే దాని పడుగు. చెట్టు పైకి పెరిగిన దిక్కు అది. కానీ గుడ్డకీ చెక్కకీ ఒక తేడా ఉంది. కొత్త కాటన్ గుడ్డ తడిపితే ఎక్కువగా పొడుగులో కుదించుకుపోతుంది, అందుకే తడిపి ఆరేశాకే కత్తిరిస్తాం. చెక్క పొడుగులో కదలదనే చెప్పొచ్చు. దాని కదలికంతా పన్నాలోనే. వానలకి అడ్డంగా ఉబ్బుతుంది, పడమటి గాలి తోలే ఎండలకి అడ్డంగా కుంచించుకుంటుంది. నా దగ్గరున్న ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు పలకని మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. తేడా సుమారు 2 మిల్లీమీటర్లు. ఎన్నేళ్లు ఆరిన చెక్కయినా ఈ ఊపిరి మానదు.

నా మొదటి పెట్టె వైశాఖంలో చేశాను. అడుగు పలకని నాలుగు గోడల మధ్య సందు లేకుండా బిగించి, జిగురు పూసి, చుట్టూ వెదురు మేకులు కొట్టాను. ఎంత బిగువుగా వచ్చిందో అని మురిసిపోయాను. శ్రావణం వచ్చేసరికి ఒక మూల నూలు మందాన విచ్చుకుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. జిగురు తక్కువైందేమోనని బాబాయ్ గారికి చూపించాను. ఆయన పెట్టె సంగతి పక్కనపెట్టి మా ఇంట్లో ఉన్న నాయనమ్మ భోషాణం దగ్గరికి తీసుకెళ్లారు. "లోపల చెయ్యి పెట్టి అడుగు పలకలు కదుపు" అన్నారు. కదిపితే గలగలమన్నాయి. నలభై ఏళ్లుగా చూస్తున్న భోషాణం, అడుగు వదులుగా ఉందని నాకెప్పుడూ తెలీదు. 1986 ఆగస్టు వరదకి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే ఆ భోషాణం మూడు రోజులు నీళ్లల్లోనే ఉంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నీళ్లు తీశాక ఎండలో పెట్టారు, ఒక్క మూల కూడా విడలేదు. పలకలు ఉబ్బడానికి చోటు వదిలారు కాబట్టి గోడల మీద ఒత్తిడి పడలేదు. కింద చెప్పే పెట్టె మొత్తం ఈ ఒక్క సంగతి మీద ఆధారపడింది.

ఏమేం కావాలి

సన్నపళ్ల చేతి రంపం, ముప్పావంగుళం ఉలి, చిన్న చిత్రిక, మూలమట్టం, స్టీలు స్కేలు, డ్రిల్లు, 4 మిల్లీమీటర్ల బిట్టు, చిన్న సుత్తి, 120, 220 నంబర్ల గరుకు కాగితం, నీళ్లకి తట్టుకునే ఫెవికాల్ మెరైన్. ఇత్తడి స్క్రూలు మా ఊళ్లో దొరక్క, గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లి తెచ్చుకున్నాను. ముప్పావంగుళం పొడవువి ఎనిమిది చాలు, తల గుండ్రంగా ఉన్నవి, వాటికి ఇత్తడి వాషర్లు. చిత్రిక, ఉలి పదును పెట్టించి తెచ్చుకోండి. మొద్దు ఉలి ఎక్కువ బలం అడుగుతుంది, ఆ బలంతోనే జారి చేతిలో దిగుతుంది. ఉలి పట్టినప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ దాని మొన వెనకాలే ఉండాలి.

బల్ల లేకపోయినా ఫర్వాలేదు. నేను పెరటి అరుగు మీద పాత పీట వేసుకుని చేశాను. ఒక అడుగు పొడవున్న చెక్క ముక్కకి కింద ఒక వైపు, పైన ఇంకో వైపు అడ్డంగా బద్దీ కొట్టండి. కింది బద్దీ అరుగు అంచుకి ఆనుతుంది, పై బద్దీకి మీ పలక ఆనుతుంది. కోసేటప్పుడు పలక పారిపోదు.

కొలతలు చెప్తాను. గోడలకి అరంగుళం మందం, ఐదంగుళాల ఎత్తు. పొడుగు గోడలు రెండు, ఒక్కోటి 12 అంగుళాలు. పొట్టి గోడలు రెండు, ఒక్కోటి 7 అంగుళాలు, ఇవి పొడుగు గోడల మధ్య కూర్చుంటాయి కాబట్టి పెట్టె బయట వెడల్పు 8 అంగుళాలు అవుతుంది. ఈ నాలుగూ ఐదంగుళాల వెడల్పున్న నాలుగడుగుల పలకలో వచ్చేస్తాయి, తప్పు పోతే సరిపెట్టుకోవడానికి కొంచెం మిగులుతుంది కూడా. అడుగుకి పావంగుళం మందం పలక, 11 అంగుళాలు పొడవు, 7కి కొంచెం తక్కువ వెడల్పు. మూతకి పన్నెండున్నర అంగుళాలు పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు, అరంగుళం మందం. ఇవి కాక అరంగుళం చదరం బద్దీలు, 11 అంగుళాలవి రెండు, 6 అంగుళాలవి రెండు. మూత కింద పట్టీలు రెండు, అంగుళం వెడల్పు, అరంగుళం మందం, ఆరుముప్పావు పొడవు. అన్నిట్లోనూ చెక్క వాటం పొడుగు వైపే ఉండాలి.

గీత

పని మొత్తంలో ఎక్కువ సేపు పట్టాల్సింది ఇక్కడే. నేను చూసినంతలో కొత్తవాళ్లు తొందరపడేదీ ఇక్కడే.

ముందు మూలమట్టం నిజం చెప్తోందో లేదో చూసుకోండి. నిక్కమైన అంచున్న పలకకి ఆనించి ఒక గీత గియ్యండి. మూలమట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గియ్యండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. పైన కలిసి కింద విడిపోతే ఆ మూలమట్టం వాడకండి. కొత్తదైనా సరే, షాపులోనే చూసి తీసుకోండి.

కొలత పెన్సిలుతో గుర్తుపెట్టి, గీత మాత్రం బ్లేడుతో గియ్యాలి. మూలమట్టాన్ని ఎడమచేత్తో అంచుకి బిగించి పట్టుకుని, బ్లేడు కొసని పెన్సిలు చుక్కలో పెట్టి, మూలమట్టాన్ని బ్లేడుకి తగిలేదాకా జరపండి. మొదటిసారి బరువు లేకుండా లాగండి, రెండోసారి కొంచెం నొక్కి లాగండి. మూడోసారికి గీత కంటికి కనిపించడం కాదు, గోటికి తగులుతుంది. బ్లేడు పై పీచుని ముందే తెంపేసింది కాబట్టి రంపం నడిచినప్పుడు అంచు చిట్లదు. ఆ గీతని పక్క అంచు మీదికి, వెనక వైపుకి, రెండో అంచు మీదికి తిప్పండి. నాలుగు వైపులా తిరిగి మొదటి చోటికి వచ్చేసరికి గీతలు కలవాలి. కలవకపోతే పలక అంచు సరిగా లేదని అర్థం, ముందు అంచుని చిత్రిక పట్టి నిక్కం చేసుకోండి.

ఇక రెండో పొడుగు గోడకి మళ్లీ స్కేలు పెట్టకండి. కొలిచిన ప్రతిసారీ ఒక వెంట్రుక తేడా వస్తుంది. ఆది జాకెట్టు పెట్టి కొత్త జాకెట్టు కత్తిరించినట్టే, కోసిన మొదటి పలకే రెండోదానికి ఆది. పెట్టెకి 12 అంగుళాలు అన్నది అంత ముఖ్యం కాదు. పదకొండుముప్పావు అయినా పెట్టె అవుతుంది. ఎదురెదురు గోడలు రెండూ సమానంగా లేకపోతే మాత్రం అది ఎప్పటికీ నిలబడదు.

రంపాన్ని గీత మీద కాకుండా గీతకి పక్కన, పారేసే ముక్క వైపు నడపాలి. కుట్టుకి గుడ్డ వదిలి కత్తిరిస్తాం కదా, అదే లెక్క. రంపం తినే పొట్టు మన కొలతలోంచి పోకూడదు. బొటనవేలి కణుపుని ఆనికగా పెట్టి రెండు మూడుసార్లు వెనక్కి లాగితే చిన్న గాడి పడుతుంది. ఆ తర్వాత రంపం పొడుగంతా వాడుతూ నిదానంగా కొయ్యండి. పిడిని గట్టిగా నొక్కి పట్టుకుంటే రంపం పక్కకి తిరుగుతుంది, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోమన్నారు బాబాయ్ గారు. చివరి అరంగుళంలో తెగిపోయే ముక్కని చేత్తో పట్టుకోకపోతే దాని బరువుకి కింది పీచు చీరుకుపోతుంది.

కోసిన కొసలు నున్నగా రావడానికి ఒక నేల పలక మీద 120 నంబరు కాగితం పరిచి, చెక్కని నిటారుగా పట్టుకుని రుద్దండి. జతలు రెండూ కలిపి పట్టుకుని రుద్దితే పొడవులు కూడా సరిపోతాయి.

వెదురు మేకులు

ఇనుము వద్దనుకున్నాం కాబట్టి మూలలకి వెదురు మేకులు. చేవ ఉన్న చెక్కకి ఇనుప మేకు కొడితే తేమకి దాని చుట్టూ నల్ల మరక కూడా పడుతుంది, వెదురుతో ఆ బాధ లేదు. పందిరి వేసిన ముదురు వెదురు, బాగా ఆరినది తీసుకోండి. మా వాళ్లు వెదురు కొట్టగానే కొన్నాళ్లు కాలవ నీళ్లల్లో నానబెట్టి తీసేవారు, అలా చేస్తే పుచ్చు తక్కువ. కణుపుకీ కణుపుకీ మధ్య ముక్కని నిలువునా చీల్చి, చాకుతో గీరుతూ 4 మిల్లీమీటర్ల మందానికి తీసుకురావాలి. పూర్తిగా గుండ్రంగా చెయ్యనక్కర్లేదు. కొంచెం పలకలు ఉంటేనే రంధ్రంలో కరుచుకుంటుంది. ఒక కొస పెన్సిలు ములికిలా సన్నం చెయ్యండి. పొడవు అంగుళంన్నరకి కొంచెం ఎక్కువ. ఇలాంటివి 12 కావాలి, 15 చేసుకోండి.

మేకుల కన్నా ముందు జిగురు లేకుండా పెట్టెని ఒకసారి నిలబెట్టి చూడండి. తర్వాత పొట్టి గోడల కొసలకి జిగురు పల్చగా పూసి ఐదు నిమిషాలు వదిలేయండి. కొసల్లో చెక్క గొట్టాలన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి, మొదటి పూత మొత్తం తాగేస్తాయి. అప్పుడు రెండో పూత పూసి అతికించాలి. ఈ రెండో పూత లేకపోవడం వల్లే చాలా పెట్టెల మూలలు ఊడతాయి.

బిగించడానికి క్లాంపులు కొననక్కర్లేదు. పాత మంచం నవారు పెట్టె చుట్టూ రెండు చుట్లు వేసి ముడి వెయ్యండి, మధ్యలో చిన్న కర్ర దూర్చి మెలితిప్పండి. నాలుగు మూలలూ ఒకేసారి దగ్గరికొస్తాయి. వెంటనే దర్జీ టేపుతో ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటైతే పెట్టె మూలమట్టంగా ఉన్నట్టు. ఈ పెట్టెకైతే పద్నాలుగున్నర అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. ఒకటి ఎక్కువ వస్తే ఆ రెండు మూలల్నీ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. జిగురు తడిగా ఉన్న పావుగంటే మీకున్న అవకాశం. బయటికి కారిన జిగురుని తడిగుడ్డతో తుడిచెయ్యండి.

ఒక రాత్రంతా ఆరనివ్వండి, ముసురు పట్టిన రోజుల్లో అయితే రెండు రాత్రులు. మర్నాడు పొడుగు గోడ కొస నుంచి పావంగుళం లోపలికి నిలువుగీత గీసి, దాని మీద పైనుంచి అంగుళానికి ఒకటి, మధ్యలో ఒకటి, కిందనుంచి అంగుళానికి ఒకటి గుర్తులు పెట్టండి. బిట్టుకి అంగుళంన్నర దగ్గర రంగు టేపు చుట్టుకుంటే లోతు తెలుస్తుంది. పై రంధ్రం కొంచెం కిందికి వాలుగా, కింది రంధ్రం కొంచెం పైకి వాలుగా తొలవండి. అలా తొలిస్తే ఆ మూల నేరుగా లాగినా ఊడిరాదు.

వెదురు మేకు మొనని జిగురులో ముంచి, వేలితో పట్టుకుని చిన్న సుత్తితో తట్టండి. మొదట మెత్తగా, బోలుగా టప్ టప్‌మంటుంది. లోపలికి దిగేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. అడుగుకి తగిలిన క్షణంలో టక్కుమని పొడిగా, గట్టిగా మోగుతుంది. అక్కడ ఆపెయ్యాలి. చప్పుడు మారాక ఇంకో దెబ్బ వేస్తే వెదురు నిలువునా చీలిపోతుంది, నాకు రెండు అలాగే పోయాయి. పైకి మిగిలిన ముక్కని రంపంతో కోసి, ఉలితో గోడకి సమంగా చెక్కేయండి. పసుపు చెక్క మీద పన్నెండు చిన్న లేతచుక్కలు కనిపిస్తాయి. గుండీల వరుసలా నాకు చాలా నచ్చింది.

అడుగు, మూత

గోడల లోపలి వైపు కింది అంచుకి సమంగా నాలుగు బద్దీలూ జిగురుతో అతికించండి, ముందు 11 అంగుళాలవి, వాటి మధ్య 6 అంగుళాలవి. బద్దీ వాటం, గోడ వాటం ఒకే దిక్కున ఉన్నాయి కాబట్టి రెండూ కలిసే కదులుతాయి, ఇబ్బంది లేదు. బట్టలు ఆరేసే క్లిప్పులు పెడితే ఆరేదాకా పట్టుకుంటాయి.

అడుగు పలక ఆ బద్దీల మీద ఊరికే కూర్చోవాలి. వెడల్పులో ఎంత సందు వదలాలన్నది మీరు చేస్తున్న నెలని బట్టి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చేస్తే చెక్క కుంచించుకుని ఉంది, ముందుముందు ఉబ్బుతుంది, కాబట్టి రెండు వైపులా కలిపి ఒక నూలు వదలండి. శ్రావణ భాద్రపదాల్లో చేస్తే అప్పటికే ఉబ్బి ఉంటుంది, అందులో సగం చాలు. పొడవులో సందు అక్కర్లేదు, పలక తేలిగ్గా దిగితే సరి. రెండు కొసల్లోనూ వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక్కో ఇత్తడి స్క్రూ, కింది బద్దీలోకి. మధ్యలో పట్టుకుంటే పలక అటూ ఇటూ సమానంగా పెరుగుతుంది. జిగురు చుక్క కూడా వద్దు. ఇదంతా టెన్షన్ అనిపిస్తే అడుగుకి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసుకోండి, ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది పెద్దగా ఉబ్బదు.

మూతకి బందులు పెట్టలేదు. ఎత్తి పక్కన పెట్టే మూతే మొదటి పెట్టెకి మంచిది. కింద అడ్డంగా రెండు పట్టీలు ఉంటాయి, అవే మూత జారకుండా పెట్టె లోపలికి దిగి ఆపుతాయి. ఈ పట్టీలు మూత వాటానికి అడ్డంగా వెళ్తాయి కాబట్టి జిగురు పూసి బిగిస్తే మూత చీలుతుంది. ఒక్కో పట్టీకి మూడు స్క్రూలు. మధ్య స్క్రూకి సరైన రంధ్రం, కొసల స్క్రూలకి పట్టీలో రంధ్రాన్ని మూత వెడల్పు దిక్కుగా నూలు మందం సాగదీసి, వాషరు వేసి బిగించండి, మరీ కరుచుకునేలా కాదు. ఇత్తడి మెత్తన, నేరుగా తిప్పితే తల తెగుతుంది. ముందు సన్న రంధ్రం తొలిచి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేసి, ఆ దారిలో ఇత్తడిది ఎక్కించండి. కొంచెం సబ్బు రాస్తే ఇంకా నయం.

నూనె

అంచులు 120తో, తర్వాత 220తో వాటం వెంబడి రుద్దండి. ఆ పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి.

కోనసీమలో ఉన్నాం కదా, చేతికి ముందు కొబ్బరినూనె వస్తుంది. వద్దు. కొబ్బరినూనె చెక్క మీద ఆరదు, అలాగే జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పడుతుంది, లేసుకి అంటుతుంది. ఆరే గుణమున్న నూనె కావాలి. రంగుల షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే మరగబెట్టిన అవిసె నూనె, గుడ్డతో పల్చగా పూసి, పావుగంటాగి మిగిలినదంతా తుడిచెయ్యండి. రోజుకొకటి చొప్పున మూడు పూతలు. బయట మాత్రమే. లోపల పూస్తే మూత వేసి ఉంచినన్నాళ్లూ వాసన పోదు.

తుడిచిన గుడ్డ గురించి ఒక మాట, ముఖ్యంగా నాలాగా గుడ్డపీలికల మధ్య పనిచేసేవాళ్లకి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఆ గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. వాడిన వెంటనే నీళ్ల బకెట్లో ముంచండి, లేదా ఆరుబయట తీగ మీద విడివిడిగా పరిచి ఆరెయ్యండి.

నూనె వాసన తగ్గడానికి వారం పట్టింది. ఆ వారంలో కోరా గుడ్డని అడుగు కొలతకి, గోడల కొలతకి మడతలు పెట్టి కుట్టి లోపల పరిచాను. అతికించలేదు, తీసి ఉతుక్కోవచ్చు. అమ్మ దారపు ఉండలు పేర్చింది, సూదుల్ని గుడ్డ ముక్కకి గుచ్చి పక్కన పెట్టింది, దిండు కిందున్న ఆ బల్లగుడ్డని తీసుకొచ్చి అన్నిటికన్నా అడుగున పరిచింది.

ఆగస్టు ముసుర్లలో మూత కొంచెం బిగుస్తుంది, ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. చిత్రిక తీసుకుని పట్టీల అంచులు తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి. సంక్రాంతి నాటికి అదే వదులవుతుంది. అప్పటికీ పట్టేస్తుంటే, అప్పుడు 220 కాగితంతో రెండుసార్లు రుద్దితే చాలు.